చందాల సంగతి తర్వాత, ముందు తేదీలు చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మాయి చిత్తూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలులో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ ఏడాది మిమ్మల్ని పాఠశాల కమిటీలోకి తీసుకున్నారు. సైన్స్ ఫెయిర్‌కూ వార్షికోత్సవానికీ చందాలు పోగు చేద్దామని కమిటీలో అంటున్నారు. చందాలు ఎలా అడగాలి, పిల్లలకు పనికొచ్చే పోటీలు, స్కాలర్‌షిప్పులు ఏమున్నాయి?

నేను చిత్తూరు–తిరుపతి దారిలో ఒక హైస్కూలు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మా పిల్లలు ఆ బడిలోనే చదివారు, నేనూ కమిటీలో పనిచేశాను. బడి నుంచి పోయే దరఖాస్తులు చాలావరకు నా బల్ల మీదుగానే పోతాయి కాబట్టి ఏ పిల్లకు ఏది అందింది, ఏది ఎందుకు అందలేదు అన్నది కొంత తెలుసు. అందని చోట డబ్బు లేక అందనివి చాలా తక్కువ. తేదీ దాటిపోయో, కాగితం సరిగా లేకో పోయినవే ఎక్కువ. అందుకే కమిటీ మొదటి సమావేశంలో చందాల ప్రస్తావన పక్కనపెట్టి, ఏ నెలలో ఏ దరఖాస్తు పోవాలో హెడ్మాస్టరు గారిని అడిగి ఒక చార్టు మీద రాయించి వరండాలో అంటించమని చెప్పండి.

మీ అమ్మాయికి అన్నిటికన్నా ముందు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఇది. ఎనిమిదో తరగతిలోనే రాయాలి, ఆ ఏడాది తప్పితే మళ్లీ అవకాశం లేదు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు, మొత్తం 48,000. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఈ అవకాశం. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50). పరీక్షలో తర్కానికి 90 ప్రశ్నలు, పాఠాల మీద 90 ప్రశ్నలు ఉంటాయి. పాఠాల సంగతి బడిలో ఉపాధ్యాయులు చూసుకుంటారు. తర్కం భాగమే మన పిల్లలకు కొత్త. సంఖ్యల వరుసలు, బొమ్మల్లో తేడాలు, దిక్కుల లెక్కలు ఎవరూ అలవాటు చేయకపోతే పరీక్ష హాలులో మొదటిసారి చూస్తారు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెడితే నాలుగు నెలల్లో చేయి తిరుగుతుంది. మన రాష్ట్రంలో పరీక్ష సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే ముగుస్తాయి. ఫీజు 100 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 50. పదో తరగతిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) తెచ్చుకుంటేనే ఇంటర్‌లో ఈ డబ్బు కొనసాగుతుందన్న సంగతి కూడా అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇక కాగితాలు. ఒకసారి ఒక అమ్మాయి ఈ స్కాలర్‌షిప్పుకు ఎంపికై నా షాపుకు వచ్చింది. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, స్టడీ సర్టిఫికెట్ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండోదానిలో పొడి అక్షరం ఉంది, అదీ పేరు చివర. మూడోదానిలో ఇంటిపేరే లేదు. పిల్ల ఒకతే, కాగితాల్లో మాత్రం ముగ్గురు. అవన్నీ ఒక దారికి వచ్చేసరికి నెలలు గడిచాయి, అంతవరకు డబ్బు పడలేదు. అప్పటి నుంచి మా బడిలో ఆగస్టులోనే ఎనిమిదో తరగతి పిల్లల కాగితాలన్నీ ఒకరోజు ముందేసుకుని సరిచూసే పద్ధతి పెట్టుకున్నాం. గ్రామ సచివాలయం వాళ్లను అడిగితే బడి ఆవరణలోనే ఆధార్ శిబిరం పెట్టారు. పదిహేనేళ్లు నిండిన పిల్లలు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి కాబట్టి తొమ్మిది, పది తరగతుల వాళ్లకూ అదే రోజు పని తీరింది. ఆదాయ ధ్రువపత్రం చివరి వారంలో దొరకడం కష్టం, అదీ అప్పుడే పెట్టించండి. ఈ ఒక్కరోజు పనికి కమిటీ ఖర్చు టీలు, బిస్కెట్లు.

సైన్స్ ఫెయిర్ అన్నారు కదా, దాని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. చాలా బడుల్లో దాన్ని ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు పెడతారు. తేదీ బాగుంటుంది, ఫోటోలు బాగుంటాయి. కానీ ఇస్రో వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకు 2019 నుంచి నడుపుతున్న యువికా కార్యక్రమానికి దరఖాస్తులు పెట్టే కాలం సుమారుగా ఫిబ్రవరి, మార్చి నెలలే. వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంచి, రాకపోకలూ బసా భోజనమూ అన్నీ వాళ్లే భరిస్తారు. మన శ్రీహరికోట కూడా ఆ కేంద్రాల్లో ఒకటి. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం, ఆన్‌లైన్ క్విజ్‌కు 10 శాతం. పంచాయతీ పరిధిలోని పల్లె బడిలో చదివే పిల్లలకు 15 శాతం ఉంటుంది. మన బడికి ఊరు దూరమని దిగులుపడే వాళ్లకు ఆ దూరమే ఇక్కడ మార్కులు తెచ్చిపెడుతుంది. సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్నందుకూ మార్కులున్నాయి. బడి స్థాయికి తక్కువ, జిల్లా స్థాయికి ఇంకాస్త, రాష్ట్ర స్థాయికి ఇంకా ఎక్కువ. ఆ సర్టిఫికెట్ దరఖాస్తు గడువు లోపల చేతిలో ఉండాలి. కనుక మీ బడి ఫెయిర్‌ను నవంబరుకో డిసెంబరుకో జరపమని పట్టుబట్టండి. పాల్గొన్న ప్రతి పిల్లకూ హెడ్మాస్టరు సంతకంతో, బడి ముద్రతో, తేదీతో సర్టిఫికెట్ ఇప్పించండి. గెలిచిన ముగ్గురికి స్టీలు గిన్నెలు, మిగిలినవారికి చప్పట్లు అనే పద్ధతి ఇకనైనా మానాలి.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులు ఈ ఫెయిర్‌కు ముందే వస్తాయి. ఒక్కో బడి నుంచి పిల్లల ఆలోచనలు ఐదు వరకు పంపవచ్చు. ఎంపికైన ఆలోచనకు నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోనే పడతాయి, తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు. బడి తరఫున ఆన్‌లైన్‌లో నమోదు చేయాల్సింది హెడ్మాస్టరే. ఇక్కడ జరిగే తంతు మీకు తెలిసే ఉంటుంది. గడువు చివరి రోజున ఒక ఉపాధ్యాయుడు యూట్యూబ్ చూసి ఐదు ఆలోచనలు ఐదుగురి పేర్లతో పెట్టేస్తారు. నేల తేమను కొలిచే యంత్రం, కళ్లు లేనివారికి చేతికర్ర, మళ్లీ అవే. మా బడిలో ఒక తోట కూలీ కూతురు తెచ్చిన ఆలోచన చూడండి. తోతాపురి కాయను చిక్కంతో లాగితే తొడిమ ఊడి సొన కాయ మీద కారుతుంది, అక్కడ తోలు నల్లబడి ధర పడిపోతుంది. వాళ్ల నాన్న రోజూ ఇంట్లో అనే మాటే అది. చిక్కం మూతికి రెండంగుళాల పైన బ్లేడు బిగించి, కింద తాడు లాగితే తొడిమ పొడవుగా మిగిలేలా కోసే ఏర్పాటు గీసుకొచ్చింది. గీత వంకరగా ఉంది, అంకెలు పెన్సిలుతో ఉన్నాయి. దాన్ని అలాగే పంపాం. ఎంపిక సంగతి పక్కన పెట్టండి, మీ దగ్గరా ఇలాంటి పిల్లలు ఉంటారు. పాల డెయిరీకి పోసే ఇల్లు, బెల్లం వండే ఇల్లు, టమోటా మండీకి పోయే ఇల్లు. జూలైలో ఒక గంట కూర్చోబెట్టి మీ ఇంట్లో రోజూ తిట్టుకునే పని ఏమిటి అని అడిగించండి చాలు.

ఇప్పుడు చందాలు. ముందుగా గుర్తుంచుకోవాల్సింది, విద్యాహక్కు చట్టం కింద నడిచే కమిటీ మీది. సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. పిల్లల దగ్గర తప్పనిసరిగా వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. తరగతిలో పేర్లు చదివి ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు అనే పని జరగనివ్వకండి. రసీదు పుస్తకాలిచ్చి పిల్లలను అంగళ్ల మీదకు పంపడం నాకు అసలు గిట్టదు. ఊళ్లో ఇంకో వాదం కూడా ఎదురవుతుంది: పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకంలో 15,000కు 2,000 బడి నిర్వహణకే పట్టుకున్నారు కదా, మళ్లీ చందా ఎందుకు అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ డబ్బు మరుగుదొడ్లకు, నిర్వహణకు, మనం అడిగేది పిల్లల ప్రయాణాలకు అని తేడా చెప్పగలిగితేనే అడగండి.

అడిగే కాలం కూడా ముఖ్యం. జూన్‌లో అడగవద్దు. పుస్తకాలు, విత్తనాలు, వడ్డీలు అన్నీ అప్పుడే. మామిడి అమ్మినా గుజ్జు ఫ్యాక్టరీల డబ్బు చేతికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మన వైపు అసలు సమయం సంక్రాంతి. బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాలు చేసే పూర్వ విద్యార్థులందరూ కనుమ నాటికి ఊళ్లో ఉంటారు. ఆ ఉదయం బడిలో రెండు గంటల సమావేశం, పాత మాస్టర్లను పిలిచి కూర్చోబెట్టడం, ఉప్మా, కాఫీ. మైకు కూడా అక్కర్లేదు. డబ్బు ఇవ్వండి అని అడిగితే ఐదు వందలు తీసేవాడు, జిల్లా ప్రదర్శనకు పోయే పిల్లల బస్సు ఖర్చు నీది అంటే మొత్తం తానే పెట్టుకుంటాడు. వస్తువుగా ఇస్తానంటే ఇంకా మేలు. ఏది తీసుకున్నా కమిటీ తీర్మానం రాయాలి, బడి ఖాతాలోనే వేయాలి, రసీదు ఇవ్వాలి, ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి పోయింది అని బోర్డు మీద పెట్టాలి. ఒకరి సొంత ఫోను నంబరుకు డబ్బు పంపించుకునే పద్ధతి ఎంత మంచివాళ్లు చేసినా చివరికి మాటలు పడాల్సి వస్తుంది.

ఖర్చు దేనికంటే, ఎన్.ఎం.ఎం.ఎస్. ఫీజు కట్టలేని పిల్లలకు ఫీజు, పాత ప్రశ్నపత్రాల నకళ్లు (నా గిరాకీ కోసం చెబుతున్నాననుకోకండి, బడికి నేను కాగితం ధరకే తీస్తాను), పరీక్ష కేంద్రానికి ఆటో, ప్రదర్శన రోజు భోజనం. మిగిలితే ఒక యాత్ర. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. చిత్తూరు–తిరుపతి హైవే మీద గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అక్కడి రాడార్ చూడాలంటే బడి లెటర్‌హెడ్ మీద ముందుగా అనుమతి అడగాలి. అదే హైవేలో రోజూ బస్సులో పోతూ వస్తూ కూడా అక్కడ ఏముందో తెలియని పిల్లలు మన దగ్గర ఎంతోమంది. వార్షికోత్సవానికి షామియానా, రంగు లైట్లు, డీజే పెట్టే డబ్బుతో ఒక బస్సు నిండా పిల్లలు పోయి రావచ్చు. వార్షికోత్సవం వద్దనడం లేదు. పగటి పూట, వేపచెట్టు కింద, పిల్లలే వ్యాఖ్యానం చేస్తూ జరిగితే ఖర్చూ తగ్గుతుంది, ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరతారు.

మిగిలినవి క్లుప్తంగా. పాటలు, నాటకం, బొమ్మలు వచ్చిన పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచి కళా ఉత్సవ్ ఉంది. శ్రీకాళహస్తి వైపు కలంకారీ చేసే ఇళ్ల పిల్లలు దీనికి వెళ్లకపోతే ఇంకెవరు వెళ్లాలి? ఆటలకు పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు మండలం నుంచి మొదలవుతాయి, వ్యాయామ ఉపాధ్యాయుడిని ఆగస్టులోనే అడగాలి. పదో తరగతి తర్వాత ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ గురించి చాలామంది అడుగుతారు. అక్కడ ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఎన్.టి.ఎస్.ఇ. (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష) కోచింగ్ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, ఆ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయి ఉంది.

తొమ్మిదో తరగతికి నవోదయ రాయించాలా అని చివర్లో అడిగారు. మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉన్న నవోదయలో తొమ్మిదిలో చేరడానికి ఖాళీ అయిన సీట్లు మాత్రమే ఉంటాయి, పరీక్ష వేరు. రాయించండి, నష్టం లేదు. కాకపోతే నవోదయలో చేరిన పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. డబ్బు రాదు. రెండూ వస్తే లెక్క చూసుకోవాల్సిన పని లేదు, అక్కడ చదువు, హాస్టలు, భోజనం అన్నీ ప్రభుత్వానివే కాబట్టి అమ్మాయి ఉండగలనంటే పంపించండి. ఇంటి మీద బెంగ పెట్టుకునే పిల్లయితే ఇక్కడే చదివించండి.