యాభై రెండు ముక్కలూ చూసి రాయకు

తమ్ముడూ,

నువ్వు పంపిన బ్రిడ్జి పేకాట వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. ఆటే కనబడలేదు. నాలుగు చేతులూ, అంటే నలుగురికీ పంచిన ముక్కలన్నీ, మొదటే పటం వేసి చూపించేసి, ఆ కింద ‘డిక్లరర్ ఆటీను ఆసుని అద్భుతంగా రెండుసార్లు ఆపాడు’ అని రాశావు. (డిక్లరర్ అంటే పాట గెలిచి తన ముక్కలూ జోడీ ముక్కలూ ఆడేవాడు. ఆపడమంటే ఆసు ఉండీ వేయకుండా ఆ చుట్టు వదిలేయడం.) నాలుగు చేతులూ చూసేసిన పాఠకుడికి అందులో అద్భుతం ఏముంటుంది? ఎందుకు రెండుసార్లే, ఒకసారి ఎందుకు కాదు అన్నది నువ్వూ చెప్పలేదు.

బ్రిడ్జి గురించి రాసేవాళ్ళకి పట్టే జబ్బు ఇది. బిడ్ చేసేవాడు, అంటే ఎన్ని పట్లు (చుట్లు) గెలుస్తామో పాట పాడేవాడు, చూసేది తన 13 ముక్కలే. డమ్మీ, అంటే డిక్లరర్ జోడీ, తన ముక్కలు బల్ల మీద పరిచాక డిక్లరర్‌కి 26 కనబడతాయి. ఎదుటివాళ్ళిద్దరికీ తలా 26, కానీ వేరే 26. మనం మాత్రం 52 ముందేసుకుని కూర్చుని ‘ఇలా ఆడాల్సింది’ అంటాం. ఏ నిర్ణయం గురించి రాస్తున్నా, ఆ క్షణంలో ఆ మనిషికి ఎన్ని ముక్కలు కనబడుతున్నాయో అన్నే చూపించు.

ఇంకోటి. మొదటి పేరా మొత్తం కొట్టెయ్. అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో బ్రిడ్జి స్కోరు పద్ధతి కట్టిన కథతో ఈ పంపకానికి పనిలేదు. పేకాట అనగానే పోలీసుల దాడి గుర్తొచ్చే మన ఊళ్ళలో, ఇది పందెం ఆట కాదని చెప్పాలన్న నీ ఆరాటం అర్థమైంది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ బ్రిడ్జి పురుషుల జంటల్లో మనవాళ్ళు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచారన్న ఒక్క వాక్యం చాలు.

మాటల విషయం. ఇస్పేటు, ఆటీను, డైమన్, కళావరు, ఆసు, రాజు, రాణి, జాకీ, తురుపు, పట్టు ఇవన్నీ మన ఇళ్ళలో ఉన్నవే, వాడుకో. డమ్మీ, ఫినెస్ (పెద్ద ముక్క ఎదుటివాళ్ళలో ఫలానావాడి దగ్గర ఉందని నమ్మి చిన్న ముక్కతో పట్టు గెలవాలని చూడటం), నో ట్రంప్ (తురుపు లేని ఆట) అలాగే ఉంచు. ఫినెస్‌కి నువ్వు కట్టిన సంస్కృత సమాసం చదివితే ఏ ఆటగాడూ గుర్తుపట్టడు. రమ్మీ తప్ప తెలియని పాఠకుడికి ఒక్క సంగతి ముందే చెప్పు: ఇక్కడ పేకలోంచి తీసుకునే ముక్క లేదు, జోకరు లేదు, పంచిన 13తోనే కథంతా.

ఇప్పుడు నీ పంపకమే నేనైతే ఎలా పరుస్తానో చూడు. ముందు రెండు చేతులే. ఉత్తర దక్షిణాలు ఒక జంట, తూర్పు పడమరలు ఎదుటి జంట.

ఉత్తరం (డమ్మీ)
ఇస్పేటు: రాజు, 7, 4
ఆటీను: 8, 3
డైమన్: ఆసు, రాణి, జాకీ, 10, 4
కళావరు: 9, 6, 2

దక్షిణం (డిక్లరర్)
ఇస్పేటు: ఆసు, 8, 5
ఆటీను: ఆసు, 7, 4
డైమన్: 9, 8, 5
కళావరు: ఆసు, రాజు, 7, 4

బిడ్డింగు చిన్నది: దక్షిణం 1 నో ట్రంప్, ఉత్తరం 3 నో ట్రంప్, అందరూ పాస్. చిన్నదని దాటేయకు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన దక్షిణానికి 15. ఆ జంట 1 నో ట్రంప్ అంటే 15 నుంచి 17. ఉత్తరానికి 10, పైగా అయిదు ముక్కల మంచి డైమన్. ఇద్దరికీ కలిపి కనీసం 25 ఉన్నట్టు ఉత్తరానికి తెలిసిపోయింది, గేమ్‌కి, అంటే బోనసు వచ్చే పాటకి, అది చాలు. 8, 9 అయితే 2 నో ట్రంప్ అని అడిగి చూసేది. 10తో అడగాల్సిన పని లేదు. ఇస్పేటుగానీ ఆటీనుగానీ నాలుగు ముక్కలు లేవు కాబట్టి, జోడీని వాటి గురించి అడిగే స్టేమన్ పాట కూడా వద్దు. మరి డైమన్ తురుపుగా గేమ్? దానికి 11 పట్లు కావాలి, 3 నో ట్రంప్‌కి 9 చాలు. ఇదంతా ఉత్తరం తన 13 ముక్కల్లోంచే తేల్చుకున్నాడు. నువ్వు ‘డైమన్ ఫినెస్ ఎలాగూ తప్పుతుంది కాబట్టి 5 డైమన్ మంచిది కాదు’ అని రాశావు. ఉత్తరానికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

గేమ్ పోయినంత మాత్రాన బిడ్ తప్పని కూడా రాయకు. టీమ్స్ ఆటలో (ఒకే పంపకం రెండు బల్లల మీద ఆడి తేడా చూసే పోటీలో) వల్నరబుల్ అయితే, అంటే బోనసూ జరిమానా పెరిగే వంతైతే, 37, 38 శాతం అవకాశమున్న గేమ్ కూడా చెప్పదగ్గదే. వల్నరబుల్ కాకపోతే 45 దాటాలి.

ఇక ఆట. పడమర ఆటీను 6 వేశాడు. ఇక్కడ రాత ఆపి పాఠకుడి చేత లెక్క కట్టించు. చేతిలో ఉన్న పట్లు: ఇస్పేటు 2, ఆటీను 1, కళావరు 2, డైమన్ 1, మొత్తం 6. తక్కిన మూడూ డైమన్ నుంచే రావాలి. ఫినెస్ తప్పి డైమన్ రాజుకి ఒక పట్టు పోయినా డైమన్‌లో నాలుగు వస్తాయి, మొత్తం 9. అంటే ఫినెస్ నెగ్గడం అసలు సమస్యే కాదు. అది తప్పినప్పుడు పట్టు గెలిచి లోపలికొచ్చే తూర్పు ఏం చేస్తాడన్నదే సమస్య. ఈ వాక్యం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. మిగతాదంతా దీని మీదే నిలబడాలి.

ఆటీను 6 పడమర ఆటీన్లలో పైనుంచి నాలుగో ముక్క అనుకుందాం. అలాంటప్పుడు పనికొచ్చే లెక్క ఒకటుంది: 11లోంచి 6 తీసేస్తే 5. పడమర కాక మిగతా ముగ్గురి దగ్గరా 6 కన్నా పెద్దవి అయిదు. డమ్మీలో 8, దక్షిణం దగ్గర ఆసు, 7. కాబట్టి తూర్పు దగ్గర రెండు. మొదటి పట్టు తూర్పు రాణితో తీసుకుని 10 తిప్పుతాడు, దాని మీద పడమర 2 వేస్తాడు. ఆ 2 చూసి దక్షిణం ఒక నిమిషం ఆగాలి, నువ్వూ ఒక పేరా ఆగాలి. 6 కన్నా చిన్న ముక్క ఉందంటే పడమరవి నాలుగు కావు, అయిదైనా ఉండాలి. అయిదైతే తూర్పువి మూడు.

మరి ఎన్నిసార్లు ఆపాలి? ఒకే ఆసుతో ఆ రంగుని కాపాడుకుంటున్నప్పుడు ఒక సులువు లెక్క ఉంది: డమ్మీలోవీ తనవీ కలిపి ఆ రంగు ముక్కలు ఎన్నో, వాటిని 7లోంచి తీసెయ్. ఇక్కడ 5, కాబట్టి రెండుసార్లు. లెక్క చెప్పి వదిలేస్తే పాఠకుడు బట్టీ పడతాడు, కాబట్టి ఎందుకో కూడా రాయి. మొదటి పట్టే ఆసుతో తీసుకుంటే డైమన్ రాజుతో లోపలికొచ్చిన తూర్పు ఆటీను తిప్పుతాడు, నాలుగు ఆటీన్లు పోతాయి, రాజుతో అయిదు, ఒకటి డౌన్, అంటే చెప్పినదానికి ఒక పట్టు తక్కువ. రెండోది తీసుకున్నా అంతే: ముందు పోయినది ఒకటి, రాజు ఒకటి, తూర్పు దగ్గర మిగిలిన ఆటీనుతో పడమరకి మూడు. మూడో చుట్టులో తీసుకుంటే తూర్పు దగ్గర ఆటీను ఉండదు. ఒకవేళ ఉందా, అప్పుడవి నాలుగు-నాలుగుగా చీలాయన్నమాట. మూడు ఆటీన్లు, డైమన్ రాజు కలిపి నాలుగు పట్లే పోతాయి, 9 నిలుస్తాయి.

ఈ లెక్క చెల్లని చోటు కూడా చెప్పు. దక్షిణం కళావరు పేలవంగా ఉంటే, ఆసు ఆపుతూ కూర్చుంటే ఎదుటివాళ్ళు అటు తిరుగుతారు, ఆటీను కన్నా అదే పెద్ద గండం. ఇక్కడ ఇస్పేటులో, కళావరులో రెండేసి పట్లు గట్టిగా ఉన్నాయి కాబట్టే ధైర్యంగా ఆపాడు.

ఇదంతా అయ్యాక, అప్పుడు విప్పు మిగతా రెండు చేతులూ.

పడమర
ఇస్పేటు: రాణి, 9, 3
ఆటీను: రాజు, జాకీ, 9, 6, 2
డైమన్: 7, 2
కళావరు: జాకీ, 8, 3

తూర్పు
ఇస్పేటు: జాకీ, 10, 6, 2
ఆటీను: రాణి, 10, 5
డైమన్: రాజు, 6, 3
కళావరు: రాణి, 10, 5

నీ పటంలో కళావరు 5 తూర్పుకీ ఉంది, పడమరకీ ఉంది. ఇలాంటి తప్పు ఒక్కటి దొరికితే పాఠకుడు తక్కిన విశ్లేషణ కూడా నమ్మడు. పంపే ముందు ప్రతి చేతికీ 13, ప్రతి రంగుకీ 13, పాయింట్లు నలుగురికీ కలిపి 40 సరిచూసుకో. ఇక్కడ 10, 15, 7, 8. అన్నిటికన్నా గట్టి పద్ధతి, నిజమైన పేక తీసుకుని బల్ల మీద పరవడం. లేని ముక్క అప్పుడే బయటపడుతుంది.

నీ వ్యాసం రెండో భాగంలో డైమన్లు మార్చావు: డమ్మీకి ఆసు, జాకీ, 10, 6, 4; దక్షిణానికి రాజు, 9, 5; రాణి ఎదుటివాళ్ళలో ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. ఆలోచన మంచిది. కానీ దక్షిణానికి డైమన్ రాజు ఇచ్చేసరికి 18 పాయింట్లయ్యాయి, 1 నో ట్రంప్ మాత్రం అలాగే ఉంచావు. ముక్క కదిపితే బిడ్డింగు కూడా మళ్ళీ చూడాలి. కళావరు రాజుని డమ్మీకి ఇచ్చి, డమ్మీ 9 దక్షిణానికి ఇచ్చెయ్. దక్షిణం మళ్ళీ 15, ఉత్తరం 11, కళావరులో పట్లు రెండే. అంతా కుదురుతుంది.

ఇప్పుడు డైమన్ రాణి కోసం ఎటు ఫినెస్ చేయాలి? ఆటీన్లు అయిదు-మూడు అని తేలాక, పడమరకి ఆటీను కానివి 8 ముక్కలు, తూర్పుకి 10. రాణి తూర్పు దగ్గర ఉండే అవకాశం 18లో 10, దాదాపు 56 శాతం. నువ్వు ఇక్కడే ఆగిపోయి, రాణి తూర్పు దగ్గర ఉందనుకుని ఫినెస్ చేయించావు. అది తప్పితే పడమర లోపలికొస్తాడు, వాడి దగ్గర ఇంకా రెండు ఆటీన్లు ఉన్నాయి, ఒకటి డౌన్. డైమన్ రాజు తీసి, 9 వేసి, పడమర చిన్నది వేస్తే డమ్మీలోంచి కూడా చిన్నదే వేయాలి. తప్పినా తూర్పే గెలుస్తాడు, వాడి దగ్గర ఆటీను లేదు, 9 పట్లు ఖాయం. టీమ్స్‌లో ఎక్కువ పట్టు విలువ 30, అంటే 1 ఇంప్ (స్కోరు తేడాని టీమ్స్‌లో కొలిచే పాయింటు). వల్నరబుల్ కానప్పుడు కాంట్రాక్టు, అంటే ఒప్పుకున్న పాట, పోతే 400 రావాల్సిన చోట 50 పోతుంది, 450 తేడా, 10 ఇంప్‌లు. పెయిర్స్‌లో (అదే పంపకం ఆడిన జంటల్లో ఎందరిని మించామో లెక్కపెట్టే పోటీలో) మాత్రం ప్రతి బల్ల దగ్గరా ఇదే కాంట్రాక్టు అనిపిస్తే 56 వైపు మొగ్గినవాడిని నేను తప్పుపట్టను. కాబట్టి ఏ రకం ఆటో మొదటి వాక్యంలోనే చెప్పాలి. నీ వ్యాసంలో అది ఎక్కడా లేదు.

ఈ రెండో పంపకాన్ని తిరగరాసి పంపు. డైమన్ రాణిని తూర్పుకే ఇవ్వు. సరైన ఆట ఆడినవాడికి 9, తప్పు ఆడినవాడికి 10 పట్లు వస్తాయి. పాఠకుడు అక్కడే నీతో వాదనకి దిగుతాడు. ఆ వాదనకి జవాబు ఉత్తర దక్షిణాల 26 ముక్కలతో, అప్పటిదాకా బల్ల మీద పడ్డ ఆటీన్లతో మాత్రమే రాయి.