క్రిస్మస్ భోజనానికి ఎలా పిలవాలంటే

అమ్మాయ్,

మేనత్త దీవెనలు. పాలకొల్లులో మీ వీధిలో ఒంటరిగా ఉండేవాళ్ళందరినీ పండగనాడు భోజనానికి పిలుద్దామనుకుంటున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పట్నుంచీ నాకు ఒకటే సంతోషం. నరసాపురంలో మేం చాలా ఏళ్ళుగా చేస్తున్నాం కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

వంట సంగతి తర్వాత, ముందు పిలుపు సంగతి చూడు. మొదటి ఏడు మేం మందిరంలో మైకులో చెప్పించాం, "ఎవరూ లేనివాళ్ళు రండి" అని. ఎలా వస్తారమ్మా? నాకెవరూ లేరని నలుగురిలో ఒప్పుకుని విస్తరి ముందు కూర్చోవడం ఎవరికి ఇష్టం? వచ్చినవాళ్ళంతా పిల్లాపాపలతో ఉన్నవాళ్ళే. ఎవరికోసం వండించామో వాళ్ళు తలుపులు వేసుకుని ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి ఏడు నేనే ఇంటింటికీ వెళ్ళాను. మా వెనక వీధిలో లేసు అల్లే మామ్మ ఉండేది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. భోజనానికి రమ్మంటే తల ఎత్తకుండానే "నాకు అరగదులే తల్లీ" అంది. చేతిలో సూది ఆడుతూనే ఉంది. "అది కాదు మామ్మా, బల్ల మీద పరవడానికి నీ చేతి లేసు గుడ్డ కావాలి, ఎలా పరవాలో నువ్వే వచ్చి చూడాలి" అన్నాను. సూది ఆగింది. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీసి, కలరా ఉండల వాసన వేస్తున్న తెల్లటి గుడ్డ తెచ్చి, మడతలు విప్పి, నా రెండు చేతుల మీదా పరిచి చూసింది. పండగనాడు అందరికంటే ముందొచ్చింది.

అందుకే ఎవరినీ ఉత్తి తిండికి పిలవకు. ఒకరిని అరిటాకులు తుడవమను, ఒకరిని స్టార్ కట్టమను, రిటైరైన మేష్టారుంటే వాక్యం చదవమను. నిజంగా పనుండాలి సుమా, ఊరికే కల్పిస్తే వాళ్ళకి తెలిసిపోతుంది.

రొయ్యల ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన పిల్లల్ని మర్చిపోకు. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి, తర్వాత మన నరసాపురం చేరిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు కూడా మన భాష రాకుండానే దిగుంటారు. వాళ్ళకి మొదట అన్నం పెట్టిన ఇల్లు ఏదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

భోజనం మధ్యాహ్నమే పెట్టు. మాకు సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవాళ్ళుంటారు. చీకటి పడితే పెద్దవాళ్ళు ఇంటికి వెళ్ళే టెన్షన్‌తో ముద్ద సరిగా తినరు. బంతి కింద వేయొద్దు, కుర్చీలు వేయించు. పలావుకి కిలో బియ్యం ఏడెనిమిది మందికి సరిపోతుంది. మాంసం తినని పక్కింటివాళ్ళకి పప్పు, పులిహోర వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో ముందే వండించు. ఆ మాట పిలిచేటప్పుడే చెప్పు, లేకపోతే మొహమాటపడి రారు.

ఇంకోటి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ క్రిస్మస్‌కి సెలవుండదు, పిల్లలు పని మధ్యలో వీలు చూసుకుని ఫోన్ చేస్తారు. రెండు మూడు చార్జర్లు పెట్టించు. ప్రార్థన మధ్యలో ఫోన్ మోగినా ఎవరూ విసుక్కోకూడదని పాస్టర్ గారితో సహా అందరికీ ముందే చెప్పు. ఆ తల్లికి పండగంటే ఆ ఫోనే.

వెళ్ళేటప్పుడు అరిసెలు ప్లాస్టిక్ కవర్లో కాదు, మీ స్టీలు డబ్బాల్లో పెట్టివ్వు. డబ్బా కోసం నువ్వు వాళ్ళింటికి వెళ్తావు, లేదా ఇవ్వడానికి వాళ్ళే వస్తారు. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని మామ్మ దాన్నిండా మునగాకు కోసి తెచ్చింది. మళ్ళీ అదే డబ్బాలో నేను పప్పు పోసిచ్చాను.

మా పెద్ద గుండిగ అటక మీదే ఉంది, 20వ తేదీలోపు అబ్బాయిని పంపించు. గరిటెలు కూడా ఇస్తాను.

మీ మేనత్త