టెక్ సందేహాలు: ఒక్క స్టార్ ఇచ్చి వెళ్లిపోయారు

సందేహం: మాది మంగళగిరి. ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్ముతాం. నలభై రేటింగ్‌లకు సగటు 4.8 ఉండేది. కొరియర్ నాలుగు రోజులు ఆలస్యమైందని ఒకావిడ ఒక్క స్టార్ ఇచ్చి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆర్డర్లు తగ్గాయి. వంద మందితో ఐదు స్టార్లు వేయిస్తామనీ, పాస్‌వర్డ్ అక్కర్లేదు, సెల్లర్ అకౌంట్‌లో తమను యూజర్‌గా చేర్చుకుంటే చాలనీ వాట్సాప్‌లో ఒకరు అంటున్నారు. చేర్చవచ్చా?

జవాబు: వద్దు. రేటింగ్ పడిపోయిందన్న బెంగతో అకౌంట్‌ను ఎవరి చేతుల్లోనో పెట్టేసి, ఆ తర్వాత నాకు రాసేవాళ్లు ఎక్కువైపోయారు. 'పాస్‌వర్డ్ అక్కర్లేదు' అనడంలోనే కిటుకంతా ఉంది. పాస్‌వర్డ్ అడిగితే మీరు అనుమానిస్తారు. యూజర్‌గా చేర్చమంటే ఏదో ఆఫీసు పనిలా వినిపిస్తుంది. అనుమతుల పేజీలో అన్నింటికీ టిక్కు పెట్టించుకున్నాక అతను వెతికేది రేటింగ్‌లను కాదు, మీ అమ్మకాల డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతాను. అది మారిపోతే చీరలు మీరు పంపుతారు, డబ్బు అతనికి వెళ్తుంది.

అంతటితో వదిలితే అదృష్టమే. మీ పేరు మీద సగం ధరకు ఫోన్లు, టీవీలు అమ్మకానికి పెట్టి, ఆర్డర్లు దండుకుని, ఏమీ పంపకుండా మాయమయ్యేవాళ్లున్నారు. ఈ దొంగలకు కొత్త అకౌంట్లు పనికిరావు. నాలుగేళ్లుగా నడుస్తూ, మంచి రేటింగ్ ఉన్నవే కావాలి, కొనేవాళ్లు నమ్మేది వాటినే కాబట్టి. జీఎస్టీ నంబరు మీది, చిరునామా మీది, పోలీసులు వచ్చేదీ మీ ఇంటికే.

ఇప్పటికే చేర్చేసి ఉంటే ఈ కాలమ్ చదవడం ఆపి ముందు అతన్ని తీసేయండి. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, ఈమెయిల్, రిటర్న్ చిరునామా మీవేనా అని ఒక్కొక్కటీ చూడండి. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోండి. ఆ ఓటీపీ వచ్చే ఫోన్ మాత్రం పార్సిళ్లు కట్టే కుర్రాడి దగ్గర ఉండకూడదు.

ఇక ఆ వంద స్టార్లు. అవి ఒకే చోటి నుంచి, ఒకే వారంలో, ఒకే రకం మాటలతో వస్తాయి. అమ్మకాల వేదికలు వాటిని పసిగట్టి మూకుమ్మడిగా తీసేస్తాయి, పనిలో పనిగా మీ అకౌంట్‌నూ ఆపేస్తాయి. చట్టం కూడా మీ వైపు ఉండదు. అమ్మేవాళ్లు కొనుగోలుదారుల వేషంలో రివ్యూలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి.

మీ కోపం మాత్రం న్యాయమైనదే. లెక్క చూడండి. నలభైకి 4.8 అంటే మొత్తం 192 స్టార్లు. ఆవిడ ఇచ్చిన ఒక్కటీ కలిపితే సగటు 4.7కు దిగుతుంది. మళ్లీ 4.8 కావాలంటే వరుసగా పంతొమ్మిది మంది ఐదేసి స్టార్లు ఇవ్వాలి. పది మందిలో ఒకరు రేటింగ్ ఇస్తారనుకుంటే, నూట తొంభై చీరలు అమ్మితే గానీ ఆ ఒక్క మచ్చ పోదు. ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో అరవై రోజుల ఆర్డర్లలో లోపాలున్నవి ఒక్క శాతం లోపే ఉండాలన్నది నియమం. ఒకటి, రెండు స్టార్ల ఫీడ్‌బ్యాక్ కూడా అక్కడ లోపమే. ఆ రోజుల్లో అరవై చీరలు అమ్మిన ఇంటికి ఒక్క అసంతృప్తి 1.67 శాతం. అరవై వేల వస్తువులు అమ్మేవాణ్ని ఐదు వందల తొంభై మంది తిట్టినా అతను గీత దాటడు. ఇలాంటి కొలతను తయారుచేసినవాళ్లు చిన్న దుకాణం మొహం ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం.

ఇదేమీ నిన్నటి జబ్బు కాదు. అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఈబే 1996లో ఫీడ్‌బ్యాక్ మొదలుపెట్టినప్పుడు కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. నాకు చెడ్డ మార్కు వేస్తే నీకూ వేస్తానని అమ్మకందారులు భయపెడుతున్నారని 2008లో వాళ్ల చేతిలోంచి చెడ్డ మార్కును లాగేసుకున్నారు. బెదిరింపు పోలేదు, అటు నుంచి ఇటు మారింది. 'సగం డబ్బు వెనక్కి ఇస్తారా, ఒక్క స్టార్ వేయమంటారా' అనే కొనుగోలుదారు అలా తయారయ్యాడు. ఆ ఈబే మీద జరిగిన ఒక పరిశోధనలో, అవే పాత పోస్టుకార్డులను పేరున్న అమ్మకందారు అమ్మితే 8.1 శాతం ఎక్కువ ధర పలికింది. ఇంకో పరిశోధనలో, తొలి చెడ్డ ఫీడ్‌బ్యాక్ పడేదాకా వారానికి 5 శాతం చొప్పున పెరుగుతున్న అమ్మకాలు, పడ్డాక 8 శాతం చొప్పున తగ్గాయి. ఆర్డర్లు పడిపోవడం మీ భ్రమ కాదు.

కొరియర్ ఆలస్యం, ఫోటోలో రంగు తేడా, కుట్టులో లోపం, కొన్నావిడకు ఆరోజున్న చిరాకు, ఇవన్నీ ఒకే గంగాళంలో పోసి కలిపితే వచ్చేదే ఆ సగటు. డెలివరీకి వేరే, వస్తువుకు వేరే, అమ్మకందారుకు వేరే మార్కులు పెట్టిన వేదికలు కూడా చివరికి పైన పెద్దక్షరాలతో చూపించేది ఒకే అంకె. కొనేవాళ్లూ తక్కువ తినలేదు. 'ఇంకా విప్పి చూడలేదు, ప్యాకింగ్ బాగుంది' అని ఐదు స్టార్లు, 'డెలివరీ బాయ్ మూడో అంతస్తుకు ఎక్కలేదు' అని చీరకు ఒక్క స్టార్. చేనేతలో పోగు ముడి కనిపిస్తే డ్యామేజ్ అని ఫోటో పెట్టేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీరు చేయగలిగింది కొంత ఉంది. రవాణా బాధ్యత వేదికదే అయితే, ఆ ఫీడ్‌బ్యాక్ కేవలం డెలివరీ గురించేనని చూపించి తొలగించమని అడగండి. చాలా వేదికల్లో ఇందుకు వీలుంది, కానీ గడువు ఉంటుంది. తీసేయకపోతే కింద రెండే వాక్యాల్లో మర్యాదగా జవాబు రాయండి. అది ఆవిడ కోసం కాదు, తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం. లేబుల్ మీద నంబరుంది కదా అని ఆవిడకు ఫోన్ చేసి బతిమాలవద్దు, చాలా వేదికల నియమాల ప్రకారం అదే పెద్ద తప్పు. చీరను పగటి వెలుతురులో ఫోటో తీయండి. పోగు ముళ్లు, రంగులో కాస్త తేడా చేనేతలో ఉంటాయని వివరణలో మొదటి వరుసలోనే రాయండి. చీర మడత పెట్టడం దగ్గర్నుంచి లేబుల్ అంటించేదాకా ఆపకుండా వీడియో తీసి దాచండి. ఖాళీ పెట్టె వచ్చిందనేవాళ్లకు అదొక్కటే జవాబు.

సందేహం: కొన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ డబ్బాలో ఒక కార్డు ఉంది. ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలు వెనక్కి ఇస్తారట. పంపితే ప్రమాదమా?

జవాబు: వంద కోసం మీ పేరు, ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ ఒకేసారి ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇస్తున్నారు. రేపు 'మీ ఆర్డర్‌కు రీఫండ్ ఉంది' అని అన్ని వివరాలూ సరిగ్గా చెప్పే ఫోన్ వస్తే మీరు నమ్ముతారా, నమ్మరా? డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. రీఫండ్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్‌ను (నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేది) ముట్టుకోవద్దు. రివ్యూలో ఫోటో పెట్టేవాళ్లు డబ్బా మీది చిరునామా లేబుల్ కనిపించకుండా చూసుకోండి. ఎంతమంది తమ ఇంటి నంబరుతో సహా పెడుతున్నారో చూస్తే ఆశ్చర్యపోతారు.

డబ్బులిచ్చి రాయించిన రివ్యూలు ఉండకూడదనే మన ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చింది. 2022 నవంబరు 25 నుంచి అమల్లో ఉంది. కాకపోతే ఇష్టమైనవాళ్లు పాటించేలా తెచ్చారు. పాటించనివాళ్ల డబ్బాలోనే మీ కార్డు దొరికింది.

సందేహం: మా అబ్బాయి టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగ్ ఇచ్చే పార్ట్‌టైమ్ పని చేస్తున్నాడు. మొదట్లో డబ్బులు వచ్చాయి. ఇప్పుడు 'ప్రీపెయిడ్ టాస్క్'కు ఇరవై వేలు కట్టమంటున్నారు.

జవాబు: కట్టనివ్వకండి. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన రూ.712 కోట్ల మోసం సరిగ్గా ఇలాగే సాగింది. రేటింగ్ పనితో మొదలైంది, తొలి చిన్న మొత్తానికి లాభం చూపించారు, ఫిర్యాదు చేసిన వ్యక్తి చివరికి రూ.28 లక్షలు పోగొట్టుకున్నాడు. స్క్రీన్ మీద కనిపిస్తున్న బ్యాలెన్స్ ఉత్త బొమ్మ. అది తీసుకోవడానికి పన్ను కట్టమని కూడా అడుగుతారు, కట్టవద్దు. ఇప్పటికే పెద్ద మొత్తం వెళ్లి ఉంటే ఈ రోజే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఆ చాట్‌ను అబ్బాయి భయంతో డిలీట్ చేయకుండా చూడండి. యూపీఐ లావాదేవీ నంబర్లు, అవతలివాళ్ల ఖాతా వివరాలు అందులోనే ఉంటాయి.