ముందు అడాప్టర్ చూడు

చిన్నోడికి, మావయ్య దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కబుర్లన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "మనోడు ఆ ఫోటోల డబ్బా మార్చేస్తాడట్రా. దసరా ఆఫర్లో కొత్తది చూశాడట. పాత డిస్కులే తీసి దాన్లో పెట్టేస్తే ఖర్చు కలిసొస్తుందన్నాడు" అంది. డబ్బా అంటే రౌటర్‌కి తగిలించి, లోపల రెండు డిస్కుల్లో ఇంటి ఫోటోలన్నీ దాచుకునే నాస్. అక్క లెక్కలో అది మార్చడం పాత మిక్సీ మార్చడం లాంటిది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

సంతోషం లేదని కాదు. పన్నెండేళ్లప్పుడు మా స్టూడియోలో కూర్చుని, నేను మెమరీ కార్డు లాగబోతుంటే "ఎజెక్ట్ కొట్టావా మావయ్యా?" అని నన్నే నిలదీసినవాడివి. ఇవాళ నీ ఇంటి నెట్‌వర్కు నువ్వే చూసుకుంటున్నావు, అమ్మాయికి ఏడో నెల, పుట్టబోయేవాళ్ల ఫోటోలకి ఇప్పటినుంచే జాగా వెతుకుతున్నావు. మీ అమ్మమ్మ ఉంటే వీధంతా చెప్పుకునేది. కానీ "పాత డిస్కులే తీసి" అన్న మాట దగ్గర నా గుండె ఆగింది. ఎందుకో కింద రాస్తాను. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు అసలు దేనికి మారుస్తున్నావో తేల్చుకో.

జాగా చాలక అయితే డబ్బా మార్చక్కర్లేదు, డిస్కులు పెద్దవి వేసుకో. మిర్రర్‌లో ఉన్నాయి, అంటే రెండింట్లోనూ ఒకటే సరుకు, కాబట్టి ఒకటి తీసి పెద్దది పెట్టు, మిగిలినదాన్నుంచి అంతా కాపీ చేసుకుని అది పూర్తిగా కట్టుకున్నాక రెండోది. కొనేటప్పుడు సీఎంఆర్ రకమే కొను, అంటే లోపల రాత వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కనివి. ఎస్‌ఎంఆర్‌వి చవకగా దొరుకుతాయి గానీ, మిర్రర్ మళ్లీ కట్టేటప్పుడు నత్తనడకతో ప్రాణం తీస్తాయి.

నెమ్మదిగా ఉందనా? డబ్బాని తిట్టే ముందు రౌటర్ వెనక చూడు. ఆ పోర్టు 100 మెగాబిట్‌దైతే సెకనుకి 11, 12 మెగాబైట్లు దాటదు, నువ్వు లక్ష పోసి డబ్బా కొన్నా అంతే. గిగాబిట్ పోర్టు, సరైన కేబులు ఉంటే అదే 100 మెగాబైట్లు దాటుతుంది. రెండు టెరాబైట్ల కాపీ మొదటిదాన్లో రెండు రోజులు, రెండోదాన్లో ఐదారు గంటలు. ర్యామ్ కూడా పెంచుదామనుకున్నావట. ఫోటోలు దాచుకునే డబ్బాకి ర్యామ్ ఏం చేస్తుందిరా? దాన్లో సినిమా సర్వర్లూ, మొహాలు గుర్తుపట్టే ఆటలూ నడిపితే తప్ప తేడా కూడా తెలీదు.

పాతబడింది, ఎప్పుడు పోతుందో అన్న భయమైతే, అది సరైన కారణమే. డిస్కులకీ జాతకం ఉంటుంది, స్మార్ట్ అంటారు, డబ్బా సెట్టింగుల్లోనే కనపడుతుంది. పదేళ్లు ఆపకుండా తిరిగితే 87,600 గంటలు. 2015లో మనిద్దరం విశాఖ వెళ్లి కొన్నది కదా, నీది ఆ దాపుల్లోనే ఉంటుంది. గంటల కన్నా ముఖ్యం 05, సీ5 అని ఉండే రెండు వరసలు. వాటి పక్కన సున్నా కాకుండా ఏదైనా అంకె కనపడిందంటే, ఇంకే పనీ చెయ్యకు, ముందు కాపీ తీసుకో. చేతిలో పనే కాబట్టి ఒకసారి మూత తీసి ఫ్యాన్ కూడా తుడువు. మా దాంట్లో బల్లి గుడ్లు పెట్టింది, రెండు, పెసరగింజల కన్నా కాస్త పెద్దవి, సరిగ్గా గాలి పోయే సందులో.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2014. ఆ ఏడు మంగళవారం సిరిమాను తిరిగింది, ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. స్టూడియో పైకప్పు రేకులు రెండు పక్కవీధిలో దొరికాయి. అయినా డబ్బాని బల్ల మీదనుంచి తీసి బీరువాలో పెట్టుకున్నాను, చుక్క నీరు తగల్లేదు. మా వీధికి కరెంటు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. వచ్చిన రోజు ఒకటే ఎగుడుదిగుడు, బల్బులు ఒకసారి సూర్యుడిలా, ఒకసారి ఆముదం దీపంలా. నేను ఆగలేదు. పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. డబ్బా ప్లగ్గు పెట్టాను. టప్ మంది. అంతే, లైట్లు లేవు.

డబ్బా కాలిపోయిందనుకున్నాను. మర్నాడే విశాఖ పోయి, అక్కడ వాళ్ల దగ్గర ఏముంటే అది, వేరే కంపెనీది, కొనుక్కొచ్చాను. "డిస్కులు రెండున్నాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది, మీకేం టెన్షన్ లేదు" అన్నాడు అమ్మినవాడు. ఆ మాట అబద్ధం కాదు, అదే చిక్కు. పాత డిస్కులు రెండూ కొత్తదాన్లో పెట్టాను. తెర మీద ఏదో అడిగింది, ఇవి సిద్ధం చెయ్యాలి, ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని. రోజుకి ఇరవైసార్లు సరే కొట్టే చెయ్యి. కొట్టేశాను. మిర్రర్ కదా, నా తప్పుని రెండు డిస్కులూ ఒకే క్షణంలో బుద్ధిగా పాటించాయి.

ఫోల్డర్లు కనపడకపోతే ఇంకా లోడవుతోందనుకుని, పనికి ఆలస్యమవుతోందని ఆ రాత్రే రెండు పెళ్లిళ్ల షూటింగు దాని మీదే ఎక్కించాను. అసలు సంగతి తెలిసేసరికి తెల్లారింది.

హైదరాబాద్‌లో డేటా తీసే ఆయన దగ్గరికి డిస్కులు పట్టుకెళ్లాను. పేర్లూ తేదీలూ లేని ఫోటోలు వేలకి వేలు తీసిచ్చాడు. వీడియోలు మాత్రం ముక్కలు ముక్కలు, చాలావరకు అసలు తెరుచుకోవు. కస్టమర్లకి చెప్పుకుని, డబ్బులు వెనక్కిచ్చి, తిట్లు తిన్నాను, అది వేరే లెక్క. నీకు చెప్పనిది ఏంటంటే, నీ అన్నప్రాశన కూడా దాన్లోనే ఉంది. పుస్తకం, డబ్బులు, కత్తి, పువ్వు అన్నీ నీ ముందు పరిస్తే, వాటన్నిటినీ దాటి పాక్కుంటూ వచ్చి నా కెమెరా బ్యాగు పట్టుకున్నావు. మీ నాన్న మొహం చూడాలి ఆ క్షణంలో! అది క్యాసెట్‌లో ఉండేది. అమ్మ పోయిన ఏడాదికి, 2012లో, పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించేశాం కదా, ఇంకెందుకని బూజు పట్టిన క్యాసెట్లని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన ఇచ్చేశాను. సంచి కట్టి నేనే ఇచ్చాను.

ఇంకా వినాలి నువ్వు. నెల తర్వాత గంటస్తంభం దగ్గర టీవీలు బాగుచేసే కుర్రాడు వేరే పని మీద వచ్చి, మూలన పడున్న పాత డబ్బాని చూశాడు. జేబులోంచి మీటర్ తీసి అడాప్టర్ పిన్నుకి పెట్టాడు. "బాబాయ్, డబ్బాకేం కాలేదు. అడాప్టర్ పోయింది" అన్నాడు. వాడి దగ్గరే ఉన్న ఇంకో 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే నీలం లైటు వెలిగి, ఫ్యాన్ గుర్రుమంది. లోపల డిస్కులు లేవు. వాడికి టీ తెప్పించి ఇచ్చాను. చెయ్యి వణికి సగం సాసర్లో పోశాను.

ఆ మరుసటేడు నీతో డబ్బా కొనిపించి, దానికో బయటి డిస్కు కూడా ఉండాలని పట్టుబట్టింది ఇందుకే. అప్పుడు నన్ను చాదస్తం అన్నావు. ఆ బయటి డిస్కు ఎక్కడుందిరా ఇప్పుడు? మీ అమ్మ నోట, సినిమాలు వేసి స్నేహితుడికి ఇచ్చావని విన్నాను. నిజమైతే చెవి మెలిపెట్టడానికి శ్రీకాకుళం వస్తాను.

సరే. నా ఉద్దేశం అడిగితే, మార్చు. కారణం వయసొక్కటే కాదు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన డబ్బా ఇంటర్నెట్‌కి తగిలి ఉండకూడదు. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అని ఇలాంటి డబ్బానే ఉండేది, దానికి 2015తోనే అప్‌డేట్లు ఆగాయి. జనం వాడుతూనే ఉన్నారు. 2021 జూన్‌లో ఎవరో దూరాన్నుంచి దూరి చాలావాటిని చెరిపేశారు, పొద్దున్న లేచేసరికి ఖాళీ. నీదాన్లో ఆఖరి అప్‌డేట్ ఎప్పటిదో చూడు. ల్యాప్‌టాప్‌లో డబ్బా కనపడటం లేదని ఎక్కడో చదివి విండోస్‌లో ఎస్‌ఎంబీ1 అనే పాతకాలం ఫైల్ షేరింగు పద్ధతి ఆన్ చేసి ఉంటే, వెంటనే ఆపెయ్. 2017 మేలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చింది ఆ దారినే. బయటినుంచి ఫోటోలు చూసుకోవాలని రౌటర్లో పోర్టులు కూడా తెరవకు.

కొత్తదానికి కొత్త డిస్కులు కొను. పాతవాటిని ఉన్నచోట నుంచి కదపకు. ఒకే కంపెనీవైతే కొన్నిటికి డిస్కులు అలాగే మార్చుకునే వీలుంది, నాకు తెలుసు. వీలున్నా వద్దు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, కేబులు మీద కాపీ చెయ్యి, ఆరు నెలల దాకా పాతదాని జోలికి పోకు. అమ్మితే ఎంతొస్తుందని? రెండు బిరియానీలు. దాన్ని నెట్‌కి తగిలించకుండా మా ఇంటికి పంపు. నెలకోసారి నేను వెలిగించి చూస్తాను, రిటైరైనవాడికి ఆ మాత్రం పని ఉండాలి. హుద్‌హుద్ మమ్మల్ని కొట్టింది, తిత్లీ మిమ్మల్ని కొట్టింది. రెండు ఇళ్లలో చెరొక కాపీ ఉంటే నాకు నిద్ర పడుతుంది.

ఇంకో మాట, నవ్వకు. ఈ పని అక్టోబర్లో పెట్టుకోకు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. తిత్లీ రాత్రి ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో నువ్వే ఫోన్లో చెప్పావు, గొంతు పూడుకుపోయింది నీకు. ఆ రోజుల్లో సగం కాపీ అయిన డిస్కులు చేతిలో పెట్టుకుని కరెంటు కోసం ఎదురుచూడకు. ఆఫర్లో కొంటే కొను, పెట్టె విప్పకుండా అటక మీద పెట్టు. నవంబర్ చివర్లో, వాతావరణశాఖ వాళ్లు ఏమీ అనని వారం చూసుకుని మొదలెట్టు. ఇన్వర్టర్ ఉంది కదా అంటావు. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన ఆ రెప్పపాటుకే డబ్బా ఆరిపోతుంది. వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది, అటు తిప్పు. లేదంటే చిన్న యూపీఎస్ ఒకటి కొను, అది నేను పంపిస్తాను, అమ్మాయికి సీమంతం చదివింపు అనుకో.

కాపీ అయిపోయిందని తెర మీద వస్తే నమ్మకు, తెరిచి చూడు. ఏది తెరవాలో కూడా చెబుతాను. నీ డబ్బాలో "అమ్మ" అని ఒక ఫోల్డర్ ఉంటుంది, 2015లో నేనే పెట్టాను, నువ్వు ఎప్పుడూ తెరిచి ఉండవు. హైదరాబాద్ ఆయన తీసిన ముక్కల్లో సరిగ్గా ఆడేది అదొక్కటే, పదకొండు సెకన్లు. మీ అమ్మమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ ఉంటుంది. తల ఎత్తి, "ఏట్రా ఆ కెమేరా, కట్టేయ్, కరెంటు కాలిపోతాది" అంటుంది. బ్యాటరీతో నడిచే కెమెరా అది. కొత్తదాన్లోంచి ఆ ముక్క ఆడించి, ఆ మాట వినపడ్డాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

అమ్మాయిని బరువులు ఎత్తనివ్వకు.

మీ మావయ్య,
విజయనగరం

తా.క. పాత డబ్బా పంపేటప్పుడు దాని అడాప్టర్ వేరే సంచిలో పెట్టి, మీద పేరు రాయి. మీ ఇంట్లో నల్ల అడాప్టర్లన్నీ ఒకే డ్రాయర్లో ఉంటాయని నాకు తెలుసు.