నాన్నగారికి మార్ఫిన్ వేస్తే ఆయన్ని వదిలేసినట్టేనా?

రాజోలు దగ్గర్నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీ నాన్నగారికి డెబ్బై దాటాయి, పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కి కూడా పాకేసింది, ఇంక కీమో తట్టుకోలేరని చెప్పి డాక్టరు నొప్పికి మార్ఫిన్ టాబ్లెట్లు రాసి ఇంటికి పంపేశారు. హైదరాబాద్‌లో ఉన్న మీ అన్నయ్యేమో అవి మత్తుమందు, అలవాటైపోతాయి, తొందరగా ప్రాణం తీస్తాయి, వెయ్యొద్దు, ఐసీయూలో పెడదాం అంటున్నాడు. నాన్నగారికి జబ్బు పేరే చెప్పలేదు. రాత్రంతా ఆయన మూలుగుతుంటే టాబ్లెట్లు చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక కూర్చుంటున్నానని రాశావు.

మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చమ్మా, నొప్పి మాత్రం ఈ రాత్రే తగ్గాలి. డాక్టరు రాసిన డోసు రాసినట్టు వెయ్యి. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనం అయ్యేది చాలా అరుదు, సరిగ్గా ఇస్తే అది చావుని తొందరపెట్టదు కూడా. మామూలు మార్ఫిన్ పనిచేసేది నాలుగ్గంటలే, అందుకే గడియారం చూసి వెయ్యమంటారు, నొప్పి వచ్చాక చూద్దాంలే అని ఆగితే అది ముదిరిపోయి లొంగదు. రోజుకి రెండుసార్లు వేసే రకం వేరే ఉంది, మీకు రాసింది ఏదో చీటీలో చూసుకో. మలబద్ధకం దాదాపు ఖాయం కాబట్టి మొదటి రోజునుంచే విరేచనం మందు అడుగు. మొదట్లో మగత, వాంతి వచ్చినట్టుండటం సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యి. డోసు నీ అంతట నువ్వు పెంచకు, ఒక్కసారిగా ఆపకు, బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

అన్నయ్యతో ఫోన్‌లో గొడవ పడకు. దూరంగా ఉన్న కొడుకు కదా, ఏదో ఒకటి చెయ్యకపోతే తప్పు చేసినవాణ్ణి అయిపోతానని కంగారు పడుతున్నాడు, ఆ కంగారే ఐసీయూ అని మాట్లాడుతోంది, అంతేగానీ నాన్నగారి మీద ప్రేమ లేక కాదు. అతనికి ఒక పని అప్పజెప్పు. అక్కడ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించి చూసుకునే చోటు, రిపోర్టులు పట్టుకెళ్ళి మార్ఫిన్ గురించి వాళ్ళనే అడగమను. వెంటిలేటర్ పెడితే ఈ జబ్బు తగ్గుతుందా అని కూడా సూటిగా అడగమను. ఆ తర్వాత ఒక రాత్రి వచ్చి నాన్నగారి మంచం పక్కన పడుకుని, టాబ్లెట్ తనే వెయ్యమను.

మెషీన్ల సంగతి నాన్నగారే చెప్పాలి, ఒళ్ళు ఆయనది. ఆయనకి ఏమీ తెలీదనుకుంటున్నారు మీరు, నా అనుభవంలో చాలామంది పెద్దవాళ్ళకి తెలిసిపోతుంది, పిల్లలు బాధపడతారని నోరు మెదపరు. నొప్పి తగ్గి కాస్త తెరిపినపడ్డాక పక్కన కూర్చుని "నాన్నా, ఒంట్లో ఎలా ఉందనిపిస్తోంది, డాక్టరు చెప్పింది తెలుసుకోవాలని ఉందా" అని అడుగు. వద్దంటే అక్కడితో ఆపెయ్యి. అడిగితే అబద్ధం చెప్పకు. కొబ్బరితోట కౌలు లెక్కలు తేల్చాలనొచ్చు, ఓపికుంటే ఒక్కసారి అంతర్వేది వెళ్ళొద్దాం అనొచ్చు, ఎవరితోనో మాటల్లేకపోతే పిలిపించమనొచ్చు, ఇవి చెప్పుకునే అవకాశం ఆయనకి దక్కాలి కదా. మెషీన్లు వద్దంటే, గౌరవంగా చనిపోయే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది, 2023లో పద్ధతి సులువు చేసింది. స్పృహలో ఉండగా ఇద్దరు సాక్షుల ముందు రాసి సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసరు చేతగానీ ధ్రువీకరించుకుంటే ఆ కాగితం చెల్లుతుంది. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తియ్యడం కాదిది, అది మన చట్టం ఒప్పుకోదు.

ఇంకోటి, అన్నం తినట్లేదని నోట్లో జావ కుక్కకండి. చివరికొచ్చేసరికి ఆకలి దానంతటదే పోతుంది, మింగలేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతుంది. అడిగినప్పుడు రెండు చెంచాలు పట్టండి, లేదంటే పెదాలు తడపండి, చాలు.

నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో రాయలేదు. అన్నయ్య వచ్చిన ఆ రాత్రి మాత్రం నువ్వు వేరే గదిలో పడుకో.