పర్లాకిమిడిలో పిట్టలొచ్చే తోటలు వేసే పని ఎలా మొదలుపెట్టాలి?

పిట్టలు, సీతాకోకచిలుకలు వచ్చే తోటలు ఇళ్లకు వేసిపెట్టే వ్యాపారం గురించి అడిగారు. ముందు మీ పెరట్లోనే ఒక తోట పెంచండి. కళ్లారా చూస్తేనే జనం డబ్బిస్తారు.

కరివేపాకు, నిమ్మ, జిల్లేడు, తంగేడు, ఈశ్వరి తీగ తప్పక ఉండాలి. గొంగళిపురుగులకు మేత ఇవే. లేత కరివేపాకు మీద పిట్టరెట్టలా ఒక చిన్న పురుగు కనిపిస్తుంది. పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారి, చివరికి నల్లరెక్కల సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. ఈలోగా ఆకులన్నీ తినేస్తోందని ఇంటివాళ్లు మందు కొట్టమంటారు. అందుకే మొదటిరోజే ఆ పురుగుని దగ్గరగా చూపించండి, మందు కొట్టేది లేదని కాగితం మీద రాయించుకోండి. నన్నడిగితే ఈ పనంతా ఆ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

మహేంద్రగిరి అడవిలో మొక్కలు పీకి తేవద్దు. గింజ వేసి మీరే నారు పెంచండి. లాంటానా ఎంత అందంగా పూసినా నాటకండి, అడవులను కమ్మేస్తున్న మొక్క అది. తోటలో నక్షత్ర తాబేలు, పంజరంలో రామచిలుక కావాలంటే కుదరదని చెప్పండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

నాట్లు జూన్, జూలై వానలకు పెట్టుకోండి. నాటినందుకు ఒకసారే డబ్బొస్తుంది కాబట్టి నెలనెలా తోట చూసే బేరం కూడా అప్పుడే కుదుర్చుకోండి.