స్కానర్ సంగతి తర్వాత, ముందు పేర్లు రాసుకోండి

ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పాత ఫోటోలన్నీ పోగేసి స్కాన్ చేద్దామనుకుంటున్నాం, ఏ స్కానర్ కొనాలి అని అడిగారు కదా. ఏదైనా పర్లేదండి, మామూలు ఫ్లాట్‌బెడ్ (గాజు పలక మీద ఫోటో బోర్లా పెట్టి మూత వేసేది) చాలు. నన్నడిగితే అసలు ఆ పని ఆర్నెల్లు ఆపండి. స్కానర్ వచ్చే ఏడాదీ దొరుకుతుంది, ఫోటోలో ఎవరెవరున్నారో చెప్పే మనుషులు అప్పటికి ఉంటారో లేదో.

నేను తిరగేసి చేసి బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. మూడేళ్ళు సెలవు రోజులన్నీ కూర్చుని నాలుగొందల పైచిలుకు ఫోటోలు స్కాన్ చేశా, 600 డీపీఐ (అంగుళానికి ఆరొందల చుక్కలు), క్వాలిటీ తగ్గని టిఫ్ ఫైళ్ళు, రెండు చోట్ల బ్యాకప్, అన్నీ పద్ధతిగానే. తీరా ఫైల్ పేర్లు చూసుకుంటే "గ్రూప్ ఫోటో 1", "గ్రూప్ ఫోటో 2", "ఎవరో పెద్దాయన", "అదే పెద్దాయన, సైకిల్‌తో". ఏం చేసుకోను వాటిని?

అప్పుడు మా మేనత్త దగ్గరికెళ్ళా. ఆవిడకి ఎనభై దాటాయి. ఒక బడి ముందు తీసిన గ్రూప్ ఫోటో ఉంది, ముప్ఫై మంది దాకా ఉంటారు. నా తెలివి కొద్దీ ఫోన్లో ఒక్కో మొహం జూమ్ చేసి చూపిస్తూ వీళ్ళెవరత్తా, వీళ్ళెవరత్తా అని అడిగా. ఒక్కళ్ళనీ పోల్చలేదు. చూపు బాగా తగ్గిందేమో, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకుని ఫోన్ లోపల పెట్టేశా. ఆవిడే "అసలు ఫోటో ఏదిరా, ఇటివ్వు" అని లాక్కుని కిటికీ దగ్గర పెట్టుకుని మొదలెట్టింది. "వీడి పక్కన నిలబడ్డాడంటే వాడి తమ్ముడే అయ్యుంటాడు. ఇదిగో, వీళ్ళిద్దరికీ మాటల్లేవు, మధ్యలో ఎంత చోటు వదిలారో చూడు." గంట కూడా కాలేదు, పంతొమ్మిది పేర్లు. నాకప్పుడు అర్థమైంది, ఆవిడ మొహాలు చూసి గుర్తుపట్టట్లేదు, ఎవరి పక్కన ఎవరు, ఎవరు చేతులు కట్టుకున్నారు, ఎవరు మెడ పక్కకి వంచారు అనేది చూసి చెబుతోంది. నేనేమో మొహాలు కత్తిరించి కత్తిరించి చూపించి ఆవిడకి దారే లేకుండా చేశా.

అన్నిటికంటే తమాషా, ఎడమ చివర్న ఒక కుర్రాడున్నాడు, సరిగ్గా ఫోటో తీసే టైంకి కదిలాడు, మొహమంతా చెరిపేసినట్టుంది. ఫోటో పాడైందని ఆ ముక్క తీసేద్దామనుకున్నా కూడా. ఆవిడ అందరికంటే ముందు చెప్పింది వాణ్ణే. "వీడు కుదురుగా నిలబడ్డ రోజుందా అసలు!" 1838లో, ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన డాగేర్ పారిస్‌లో రద్దీ వీధి ఒకటి ఫోటో తీస్తే, ప్లేటు మీద బొమ్మ పడటానికే కొన్ని నిమిషాలు పట్టే కాలం కాబట్టి కదిలే బళ్ళూ జనం పడలేదు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషీ, ఆ పాలిష్ చేసేవాడూ మాత్రం మిగిలారు. కదలనివాడే మిగులుతాడన్నమాట. మా ఫోటోలో మాత్రం కదిలినవాడే ముందు దొరికాడు.

ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి అసలు చిక్కు. ఫలానా ఆయన భార్య, ఫలానా వాళ్ళ కోడలు, అంతే. అసలు పేరేంటత్తా అంటే ఆలోచనలో పడింది, "అలాగే పిలిచేవాళ్ళంరా" అంది. మర్నాడు పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి ఒక్క పేరు చెప్పి పెట్టేసింది. రాత్రంతా దాని గురించే ఆలోచించిందేమో.

ఇంకో మాట, ఇది ఎవరికైనా కోపం తెప్పించినా సరే. ఈ రంగులద్దే యాప్‌లూ, మసకబారిన మొహాన్ని నున్నగా చేసే యాప్‌లూ ఊరి ఫోటోల జోలికి రాకూడదు. అలా "బాగుచేసిన" ఫోటో ఒకటి అత్తకి చూపిస్తే "ఈవిడెవరో నాకు తెలీదు" అంది. అది వాళ్ళ పిన్నే! యాప్‌కి తెలీని కన్నూ ముక్కూ ఊహించి అతికిస్తే ఇంకెవరో అవుతారు మరి. చేసుకుంటే చేసుకోండి, అసలు స్కాన్ పక్కన మాత్రం పెట్టకండి.

అలాగే పాత ఫోటోల్లో ఉన్నదంతా నిజంగా అప్పటి రోజువారీ బతుకే అని కూడా నమ్మేయకండి. 1880ల్లో అమెరికాలో నెబ్రాస్కాలో సాలమన్ బుచర్ అనే ఆయన అక్కడి సెటిలర్ల ఫోటోలు తీశాడు, గడ్డితో సహా పెకలించిన మట్టిపెళ్ళలతో కట్టుకున్న ఇళ్ళు వాళ్ళవి. ఒకావిడ ఫోటోలో ఆ మట్టిల్లు చుట్టాలకి కనపడకూడదని ఇంట్లో ఉన్న ఆర్గన్ (హార్మోనియం లాంటి పెద్ద వాయిద్యం) బయటికి మోయించి దాని పక్కన నిలబడి తీయించుకుంది. ఇప్పుడు మనం సెల్ఫీలో మడతపెట్టని బట్టల కుప్ప రాకుండా పక్కకి జరగట్లేదా, అదే ఇది. అందుకే నేను మధ్యలో మనుషుల్ని కాక అంచులు ముందు చూస్తా, దాచడం మర్చిపోయినవన్నీ అక్కడే ఉంటాయి.

పనికొచ్చేవి కొన్ని చెప్పేస్తా. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, తేదీలూ స్టూడియో ముద్రలూ అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, నేను రాసిన నంబరు ఇప్పటికీ ఏటవాలు వెలుతుర్లో చూస్తే మా తాతగారి నుదుటి మీద కనిపిస్తుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి, పెన్సిల్ పట్టని నున్నటి కాయితమైతే కవరు మీద రాసి అందులో పెట్టండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయినవి పీకకండి, నేను పీకి ఒకటి చించా, పేజీతో సహా స్కాన్ చేయండి. నెగటివ్‌లుంటే స్ట్రిప్‌లు కలిపేయొద్దు, దేని తర్వాత ఏది తీశారో వాటి మీద నంబర్లే చెబుతాయి. వెనిగర్ వాసన వస్తుంటే అవి పాడవుతున్నట్టు, వాటిని వేరే పెట్టి ముందు స్కాన్ చేయండి.

ఇద్దరు రెండు పేర్లు చెబితే ఎవరు చెప్పారో కూడా కలిపి రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పకండి. ఆ సైకిల్ పెద్దాయన ఎవరో మాకింకా తేలలేదు. అత్త ఒకరంటుంది, బాబాయి ఇంకొకరంటాడు. సైకిల్ మాత్రం ఆయనది కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.